రెండో గేరు గర్రుమంటున్న 1999 మియాటా: మోడల్ పేరు చూసి గేర్‌బాక్స్‌ని అంచనా వేస్తే ఏమవుతుంది

డాలస్ చుట్టుపక్కల పాత స్పోర్ట్స్ కార్లు, ముఖ్యంగా మాన్యువల్ గేరువి, కొనేముందు చూసిపెట్టడం, కొన్నాక రిపేరు చేయడం నా పని. "అన్నా, ఈ మోడల్ గేర్‌బాక్స్ నమ్మొచ్చా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చాలామందికి కావాల్సింది అవును, కాదు అనే ఒక్క ముక్క. ఈ కేసులో అలాంటి ఒక్క ముక్క జవాబు చెప్పేసి ఉంటే, ఒక మంచి కారు చవగ్గా చేతులు మారిపోయేది. అందుకే వివరంగా రాస్తున్నాను. ఓనర్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

కారు 1999 మాజ్డా మియాటా, రెండో తరం, అభిమానులు ఎన్‌బీ అంటారు. 1.8 లీటర్ ఇంజిన్, 140 హార్స్‌పవర్, 5-స్పీడ్ మాన్యువల్. అమెరికాలో ఆ ఏడాది 6-స్పీడ్ ఇచ్చింది టెన్త్ యానివర్సరీ ఎడిషన్‌కి మాత్రమే, మిగతా మాన్యువల్స్ అన్నీ 5-స్పీడే. 1989లో మొదటి మియాటా వచ్చినప్పటి నుంచి ఇదే కుటుంబం గేర్‌బాక్స్. కంపెనీ ఇచ్చిన పవర్ మీద నడిపితే ఏళ్ల తరబడి నోరెత్తదు, టర్బో తగిలించి బాదితే మాత్రం పళ్లు విరుగుతాయి. దాని పేరు, చెడ్డపేరు రెండూ అంతే.

ఓనర్ మాస్టర్స్‌కి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డ కుర్రాడు. ఇండియాలో నాన్నగారి కారు మీద డ్రైవింగ్ నేర్చుకున్నాడు కాబట్టి మాన్యువల్ అంటే భయం లేదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నేర్చుకున్న చాలామందికి ఉండే రెండు అలవాట్లు మాత్రం ఇతనికీ ఉన్నాయి: ఎడమ కాలు క్లచ్ మీదే ఆనించి ఉంచడం, చెయ్యి గేర్ రాడ్ మీద బరువుగా వదిలేయడం. మొదటిది క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్‌ని తినేస్తుంది, రెండోది లోపల గేర్లని జరిపే ఫోర్కుల్ని ఒత్తుతూ ఉంటుంది. అలవాట్లు అడగడం కూడా పరీక్షలో భాగమే, నేను వచ్చినవాళ్లందరినీ అడుగుతాను.

సమస్య

ఒకటి నుంచి రెండుకి మారుస్తుంటే గర్రుమంటోంది. పొద్దున్నే కారు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ. సిగ్నల్ దగ్గర ఆగాక ఒక్కోసారి ఫస్ట్ గేరు పడదు. రివర్స్ వేస్తే పార్కింగ్‌లో నలుగురూ తిరిగి చూసేంత చప్పుడు. అప్పటికే ఒక షాపులో చూపించాడు. వాళ్లు టెస్ట్ డ్రైవ్ చేసి "సెకండ్ సింక్రో పోయింది, గేర్‌బాక్స్ మార్చాలి" అని కారు ధరలో దాదాపు సగం ఎస్టిమేట్ రాసిచ్చారు. స్నేహితులేమో "ఆ డబ్బుతో నిస్సాన్ 350జీ కొనుక్కో, లేదా 2016 మియాటా తీసుకో, ఈ పాతది వదిలించుకో" అన్నారు. కుర్రాడు బాగా టెన్షన్‌లో ఉన్నాడు. "అసలు ఈ కారు గేర్‌బాక్సే చెత్తదా అన్నా? అమ్మేయమంటావా?" అన్నాడు.

ఆ షాపు చెప్పిన దాంట్లో నాకు నప్పనిది ఒక్కటే: రివర్స్. సెకండ్ సింక్రోకీ రివర్స్‌కీ సంబంధం లేదు. ఒక్క గేరే ఏడిస్తే ఆ గేరుని అనుమానించాలి. రెండు మూడు గేర్లు కలిసి ఏడుస్తుంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో, అంటే క్లచ్‌నో, ఆయిల్‌నో, గేర్ రాడ్ కింది భాగాన్నో ముందు చూడాలి.

ఇక్కడ సింక్రో ఏం చేస్తుందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కదులుతున్న ఆర్టీసీ బస్సు ఎక్కాలంటే ముందు దాని పక్కన అదే వేగంతో పరిగెత్తాలి, లేకపోతే కిందపడతాం. గేరు పడేముందు లోపల జరిగేదీ అదే. క్లచ్ తొక్కగానే, ఇంజిన్ శక్తిని బాక్స్‌లోకి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్టు ఇంజిన్ నుంచి విడిపోవాలి. అప్పుడు సింక్రో అనే ఇత్తడి రింగు గేరు శంకువుకి రాసుకుని రెండింటి వేగం సమానం చేస్తుంది. సమానమయ్యేదాకా, జరిగి గేరుని పట్టుకునే స్లీవ్‌ని ముందుకు పోనివ్వకుండా తన పళ్లతో అడ్డుపడుతుంది. ఆ పని చెడటానికి దారులు మూడు. రింగు అరిగిపోవచ్చు. ఆయిల్ మరీ జారుడుగానో, చలికి మరీ చిక్కగానో ఉండి రింగుకి పట్టు దొరక్కపోవచ్చు. లేదా క్లచ్ పూర్తిగా విడవక, పాపం ఆ చిన్న రింగు ఏకంగా ఇంజిన్‌తోనే కుస్తీ పట్టాల్సి రావచ్చు. మూడింటికీ బయటికి వినబడేది ఒకటే గర్రు.

మరి ముందు రెండో గేరే ఎందుకు బయటపడుతుంది? ఈ కారులో గేరు నిష్పత్తులు ఇవి: ఫస్ట్ 3.136 (అంటే ఇన్‌పుట్ షాఫ్టు 3.136 చుట్లు తిరిగితే బాక్స్ బయటికి ఒక్క చుట్టు), సెకండ్ 1.888, థర్డ్ 1.330, ఫోర్త్ 1.000. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎంలో ఉండగా ఒకటి నుంచి రెండుకి మారిస్తే ఇన్‌పుట్ షాఫ్టు సుమారు 3,600కి దిగాలి, అంటే 2,400 తగ్గాలి. అదే మూడు నుంచి నాలుగుకి అయితే 4,500కి దిగితే చాలు. అందరికంటే ఎక్కువ చాకిరీ చేసేది సెకండ్ సింక్రో. క్లచ్ కొంచెం విడవకపోయినా, ఆయిల్ కొంచెం తేడాగా ఉన్నా ముందు అరిచేది అదే. అందుకని "సెకండ్ గర్రుమంటోంది కాబట్టి సెకండ్ సింక్రో పోయింది" అనేది తొందరపాటు తీర్పు.

ముందు బయట చూశాం

ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూశాను, వెన్నలా పడ్డాయి. అంటే రాడ్డూ ఫోర్కులూ అడ్డుపడట్లేదు. ఇంజిన్ ఆన్ చేసి, సమంగా ఉన్న నేల మీద, న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, లోపల షాఫ్టులు తిరగడం ఆగేదాకా కొన్ని సెకన్లు ఆగి అప్పుడు రివర్స్ వేశాను. అయినా గర్రుమంది. క్లచ్ సరిగ్గా విడిచి ఉంటే అప్పటికి లోపల తిరిగేది ఏమీ ఉండకూడదు. ఆ తర్వాత పెడల్‌ని రెండు మూడుసార్లు టకటకా తొక్కి మళ్లీ వేశాను, చప్పుడు లేకుండా పడింది. పంపు కొడితే బాగుపడుతోందంటే తప్పు హైడ్రాలిక్స్‌లో, అంటే పెడల్ ఒత్తిడిని ద్రవంతో క్లచ్‌కి చేరవేసే భాగాల్లో ఉన్నట్టే.

కారు పైకెత్తి, ఆ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగుని వేలితో వెనక్కి మడిచాను. లోపల నుంచి నల్లటి ద్రవం వేలి మీదుగా మణికట్టు దాకా కారింది. ఆ తొడుగు లోపల పొడిగా ఉండాలి. మొదటి రెండు తరాల మియాటాల్లో ఈ స్లేవ్ సిలిండర్ కారడం అందరికీ తెలిసిన జబ్బే. రెండు బోల్టుల మీద ఉండే చవక వస్తువు. కింద కారి చుక్కలు పడేదాకా ఎవరూ చూడరు, ఎందుకంటే కారినదంతా ముందు ఆ తొడుగులోనే నిండుతుంది. పాత మాన్యువల్ కారు చూసేటప్పుడు ఇది మాత్రం వదలకండి, అర నిమిషం పని.

పాత రసీదుల్లో ఇంకో సంగతి దొరికింది. అంతకుముందు ఓనర్ హయాంలో గేర్‌బాక్స్‌లో 75డబ్ల్యూ-90 జీఎల్-5 ఆయిల్ పోశారు (జీఎల్-4, జీఎల్-5 అనేవి గేర్ ఆయిల్ రకాలు). దీని మీద ఇంటర్నెట్‌లో పెద్ద యుద్ధమే నడుస్తుంటుంది. మాజ్డా పుస్తకంలో జీఎల్-4, జీఎల్-5 రెండూ పనికొస్తాయనే ఉంటుంది కాబట్టి జీఎల్-5 పోసినవాళ్లు గేర్‌బాక్స్‌ని చంపేశారని నేననను. కానీ జీఎల్-5 అసలు ఉద్దేశం వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్‌లో ఒకదానిమీదొకటి జారుతూ నలిగే పళ్లని కాపాడటం. అందుకే అందులో గంధకం, భాస్వరం కలిపిన మందులు ఎక్కువ. కొన్ని రకాలు ఇత్తడికి పడవు. దానికి తోడు కొన్నిటిలో లిమిటెడ్ స్లిప్ రకం డిఫరెన్షియల్ కోసం రాపిడి తగ్గించే ఫ్రిక్షన్ మాడిఫయర్ కూడా కలుపుతారు. సింక్రో బతికేదే రాపిడి మీద, అక్కడ మరీ జారే నూనె పోస్తే రింగుకి వేగం సమానం చేయడానికి ఆలస్యమవుతుంది. నా షాపులో పాత ఇత్తడి సింక్రోల కార్లకి జీఎల్-4 మాత్రమే పోస్తాను.

అన్నీ ఒకేసారి మార్చేయమన్నాడు కుర్రాడు. వద్దన్నాను. అన్నీ కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు, గేర్‌బాక్స్ లోపలి అసలు స్థితి అప్పటికీ చీకట్లోనే ఉంటుంది. అందుకని ముందు హైడ్రాలిక్స్ ఒక్కటే: స్లేవ్, పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్, రబ్బరు హోసు, కొత్త డాట్ 3 ఫ్లూయిడ్. స్లేవ్ ఒక్కటి మారిస్తే చాలదా అంటే, ఒక చివర కొత్త సీలు వచ్చి ప్రెషర్ పూర్తిగా నిలబడగానే రెండో చివరున్న పాత సీలు కొన్నాళ్లకి కారడం మొదలుపెడుతుంది. ఇక్కడ మాస్టర్‌లో ఫ్లూయిడ్ కాఫీ డికాషన్ రంగులో ఉంది, దాన్ని వదిలేయడానికి మనసొప్పలేదు.

రివర్స్ చప్పుడు ఆ రోజుతో పోయింది. ఫస్ట్ గేరు సిగ్నల్ దగ్గర సాఫీగా పడుతోంది. సెకండ్ గర్రు తగ్గింది కానీ పోలేదు. కొన్నాళ్లు అలాగే నడపమని చెప్పి, తర్వాత ఆయిల్ మార్చాను. పాత ఆయిల్‌ని తెల్లటి ట్రేలోకి దించి టార్చి వేసి చూస్తే సన్నటి బంగారు మెరుపు కనబడింది. అయస్కాంతం తిప్పితే బూడిద రంగు పేస్టు కొంచెం అంటుకుంది కానీ ముక్కలు, సూదుల్లాంటివి లేవు. ఇది ముఖ్యం. అయస్కాంతానికి అంటని పసుపు పొడి ఇత్తడి రింగులది. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలు వస్తే గేరు పళ్లో, బేరింగో పోతున్నట్టు, అప్పుడు లెక్క పూర్తిగా వేరు. జీఎల్-4 పోశాక పొద్దుటి పూట గర్రు బాగా తగ్గింది. గేర్ రాడ్ కింద చిరిగిన రబ్బరు, అరిగిన నైలాన్ బుష్ మార్చి, ఆ గిన్నెలో విడిగా ఉండే ఆయిల్ కూడా పోశాను. రాడ్ చేతిలో బిగువుగా, కచ్చితంగా కదలడం మొదలైంది, చప్పుడులో మాత్రం తేడా లేదు.

చివరికి మిగిలింది ఒక్కటే లక్షణం: ఇంజిన్ వేడెక్కాక, ఆర్‌పీఎం బాగా లేపి త్వరగా రెండుకి లాగితే గీరుకుంటోంది. డబుల్ క్లచ్ చేస్తే, అంటే న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి మళ్లీ తొక్కి వేస్తే, చడీచప్పుడు లేదు. వేగం మనమే సమానం చేస్తే గేరు పడుతోంది, రింగుకి వదిలేస్తే పడట్లేదు. ఇప్పుడు అనచ్చు సెకండ్ సింక్రో అరిగిందని. మొదటి షాపు చెప్పిందీ అదేగా అంటారేమో. పేరు అదే, కానీ గేర్‌బాక్స్ మార్చేసినా కారుతున్న స్లేవ్ సిలిండర్ అలాగే ఉండేది, కొత్త బాక్స్ సింక్రోలని కూడా అదే తినేది.

పాత గేర్‌బాక్స్ ప్రయత్నం

దారులు మూడున్నాయి: డబుల్ క్లచ్ చేస్తూ బతికేయడం, స్క్రాప్ యార్డు నుంచి వేరే గేర్‌బాక్స్ తేవడం, ఉన్నదాన్ని విప్పడం. యార్డు బాక్స్ ధర చాలా తక్కువ, కుర్రాడు అటే మొగ్గాడు. అది తప్పు నిర్ణయం అనను, ఎన్నో కార్లకి అలాగే పనైపోతుంది. కానీ టేబుల్ మీద ఏం తెలుస్తుందో, ఏం తెలియదో ముందే చెప్పాను. ఇన్‌పుట్ షాఫ్టు ఊగుతోందా, చేత్తో తిప్పితే గరగరమంటుందా, ప్రతి గేరూ పడుతోందా, దించిన ఆయిల్‌లో ఏముంది, ఇవి చూడొచ్చు. సింక్రో ఎంత మిగిలిందో చూడలేం, ఎందుకంటే చేత్తో తిప్పేటప్పుడు సమానం చేయాల్సిన వేగమే ఉండదు. బరువు పడ్డాక బేరింగ్ ఎలా ఉంటుందో అసలే తెలియదు.

టేబుల్ మీద పాసైంది. కారులో పెట్టి స్టార్ట్ చేశాక న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే గురగుర శబ్దం, క్లచ్ తొక్కగానే మాయం. క్లచ్ తొక్కినప్పుడు శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్, వదిలినప్పుడు వచ్చి తొక్కితే ఆగిపోతే సాధారణంగా ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్. సెకండ్ గేరు మాత్రం హాయిగా పడుతోంది! కొన్నాళ్లు ఇలా నడిపేద్దామా అన్నాడు. అరిగిన సింక్రో చికాకు పెడుతుంది, నెమ్మదిగా వేస్తే ఏళ్లు లాగొచ్చు. బేరింగ్ అలా కాదు. అది వదులైతే షాఫ్టు పక్కకి ఒరుగుతుంది, పళ్లు సగం అంచులమీదే కలుస్తాయి, ఆ ఇనుప పొడి మిగతా బేరింగులన్నిటిలోకీ పోతుంది. చెడిపోయే తీరు చూసి తేల్చాలి కానీ ఎంత చప్పుడు చేస్తోందో చూసి కాదు. బాక్స్ దింపేశాం. యార్డువాళ్లు బాక్స్ డబ్బు తిరిగిచ్చారు, దింపి ఎక్కించిన కూలీ మాత్రం కుర్రాడికి పోయింది.

ఏది పనిచేసింది

అసలు బాక్స్ అప్పటికే కింద ఉంది కాబట్టి దాన్నే విప్పాం. సెకండ్ రింగుని గేరు శంకువు మీద నొక్కిపట్టి చుట్టూ ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే, సందు మాన్యువల్ ఇచ్చిన కనీస హద్దు కంటే తక్కువ. అంటే రింగు అరిగి శంకువు మీదకి మరీ లోపలికి దిగిపోతోంది, పట్టు దొరికేలోపే స్లీవ్ దూసుకొస్తోంది. రింగు లోపలి సన్నటి గాడులు, నూనెని కోసి పక్కకి తోసేవి, అద్దంలా నున్నబడ్డాయి. థర్డ్ రింగు హద్దులోనే ఉంది.

ఇక ఇక్కడ ఖరీదైన నిర్ణయం. గేరుకి ఉండే చిన్న పళ్ల కొసలు కొంచెం గుండ్రబడ్డాయి, ఆ పళ్లు గేరులో భాగమే కాబట్టి మార్చాలంటే గేరు మొత్తం కొనాలి. కొసలు ఎంత అరిగాయన్నది కాకుండా, స్లీవ్‌ని పట్టి ఉంచే పక్క ముఖాలు ఎలా ఉన్నాయో చూశాను. అవి అరిగితే యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు దానంతటదే బయటికి దూకుతుంది. కుర్రాడిని అడిగితే ఎప్పుడూ అలా జరగలేదన్నాడు, భూతద్దంలో కూడా ముఖాలు బాగానే ఉన్నాయి. గేరు ఉంచేశాం. ఫస్ట్, సెకండ్ రింగులు, వాటి స్లీవ్, అన్ని ప్రధాన బేరింగులు, సీళ్లు మార్చాం. థర్డ్ రింగు హద్దులోనే ఉన్నా మార్చాను, ఎందుకంటే ఆ రింగు ధర కంటే మళ్లీ బాక్స్ దింపే కూలీ ఎన్నో రెట్లు. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ కూడా కొత్తవే. పైలట్ బేరింగ్ బిగుసుకుంటే క్లచ్ తొక్కినా ఇన్‌పుట్ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ఇందులో అది ఎండిపోయింది కానీ బిగుసుకోలేదు.

ఇప్పుడు రెండో గేరు ఎంత ఆర్‌పీఎంలో వేసినా శబ్దం లేదు. చలికాలం పొద్దున్న మొదటి మైలు మాత్రం చెయ్యి కాస్త నెమ్మదిగా కదపమని చెప్పాను. ఈ బాక్స్ స్వభావమే అంత, దాన్ని జబ్బు అనుకోకూడదు. క్లచ్ మీద కాలు ఆనించే అలవాటు మానేస్తున్నాడు.

మరి 350జీ, 2016 మియాటా?

కుర్రాడి అసలు ప్రశ్నకి జవాబు బాకీ ఉంది కదా. 350జీ అమెరికాలో 2003 మోడల్‌గా వచ్చింది. మొదటి రోజుల 6-స్పీడ్ బాక్సుల మీద సింక్రో ఫిర్యాదులు చాలా వచ్చాయి, నిస్సాన్ వరసగా మార్పులు చేసింది. తర్వాత వచ్చిన సీడీ009 అనే బాక్స్ ఎంత గట్టిదంటే, జనం దాన్ని కొని వేరే కార్లలో పెట్టుకుంటున్నారు. అందుకని "350జీ గేర్‌బాక్స్ ఎలాంటిది" అని అడిగితే చెప్పడం కుదరదు. ఏ బాక్స్ ఉంది, వారంటీలో మార్చారా, ఆ కాగితం ఉందా అని అడగాలి. పాత కారులో కొత్త బాక్స్ ఉండొచ్చు, అప్పుడు దాని పుట్టిన ఏడాది చూసి భయపడటం అనవసరం.

2016 మియాటాది ఇంకా ఆసక్తికరం. దాంట్లో ఆరో గేరు 1.000, ఫస్ట్ 5.087, డిఫరెన్షియల్ 2.866. మన 1999 కారులో ఫస్ట్ 3.136, డిఫరెన్షియల్ 4.300. గుణించి చూస్తే చక్రాల దగ్గర రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి, 14.6, 13.5. కానీ గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే టార్క్ చూడండి: పాతదాంట్లో ఇంజిన్ టార్క్ 161 న్యూటన్ మీటర్లు, ఫస్ట్ గేరులో బాక్స్ దాటేసరికి సుమారు 505. కొత్తదాంట్లో 200, బాక్స్ దాటేసరికి 1,017. వెనక డిఫరెన్షియల్ చేసే పనిలో కొంత గేర్‌బాక్స్ నెత్తినెక్కింది, పైగా బరువు తగ్గించడానికి బాక్స్‌ని తేలిగ్గా కట్టారు. తొలి ఏళ్ల కార్లలో కొన్నిటికి గేర్లు విరిగాయి, మాజ్డా లోపలి భాగాల్ని మార్చుకుంటూ వచ్చింది. టాప్ గేరు సూటిగా, అంటే 1.000గా ఉండటం వల్ల మైలేజీ, గేరు పడే తీరు రెండూ చాలా బాగుంటాయి, నాకు ఆ కారు ఇష్టం. కాకపోతే తొలి ఏళ్లది కొనేవాళ్లు బాక్స్ మార్చిన రికార్డు ఉందో లేదో చూడాలి, ముందు ఓనర్ ట్రాక్ మీద బాదాడో లేదో అడగాలి.

ఏ కారైనా సరే, మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. వేడి చేసి ఉంచితే సగం రోగాలు దాక్కుంటాయి. మొదటి రెండు మైళ్లు రేడియో ఆపి, ప్రతి గేరూ ఒకసారి నెమ్మదిగా, ఒకసారి త్వరగా వేసి, మధ్యలో యాక్సిలరేటర్ టక్కున వదిలి గేరు నిలుస్తుందో లేదో చూడండి.

కుర్రాడు కారు అమ్మలేదు. బాగుపడిన ఉత్సాహంలో టర్బో గురించి అడిగాడు. ఈ 5-స్పీడ్ మీద వద్దన్నాను, వేసే పనైతే ముందు 6-స్పీడ్ బాక్స్‌కి డబ్బు దాచుకోమన్నాను. రింగులు సర్దుకున్నాక చేసే ఆయిల్ మార్పు ఇంకా ఉంది, ఆ రోజు ట్రేలో మళ్లీ బంగారు మెరుపు కనబడుతుందో లేదో చూశాకే ఆ మాట ఎత్తుదామని అనుకున్నాం.